ఎనభై అడుగులు

ఈ జనవరిలో ఒక ఉదయం బహ్రెయిన్‌లో పొగమంచు ఎంత దట్టంగా కమ్మిందంటే, మూడో అంతస్తులో ఉన్న మా వంటింటి కిటికీలోంచి చూస్తే కింద నిలిపి ఉన్న కార్లు కూడా కనబడలేదు. మా ఆవిడ పొయ్యి మీద పాలు పెట్టి, తెల్లటి కిటికీకేసి చూస్తూ నిలబడింది. ఆరున్నర దాటాక మా అమ్మాయి సింధు ఫోన్ చేసింది. ఇరవై నిమిషాల ముందే ఆఫీసుకని బయలుదేరింది.

"నాన్నా, హైవే మీద ఆగిపోయాను. ముందున్న కారుకు తగిలింది. చిన్నదే, నాకేం కాలేదు. లైట్లు వేసుకుని కారులోనే కూర్చున్నా. పోలీసులకు ఫోన్ చేశాను."

"దిగు," అన్నాను.

"ఏంటి?"

"కారు దిగు. నీ పక్క డోరు తియ్యకు, అటు బండ్లొస్తయ్. కుడిపక్కకు జరిగి దిగు. రెయిలింగు దాటి అవతలికి పో."

"బయట చలి నాన్నా, నా బ్యాగు వెనక సీట్లో..."

"బ్యాగు లేదు, గీగు లేదు! దిగమంటే దిగు!"

నా అరుపుకు మా ఆవిడ చేతిలోని గరిటె కింద పడింది. సింధు దిగింది. రెయిలింగు అవతల నిలబడ్డానని చెప్పేదాకా ఫోన్ పెట్టెయ్యనివ్వలేదు. పావుగంటలో పోలీసులు వచ్చారు, ఇంకే బండీ వచ్చి గుద్దలేదు, తొమ్మిదికల్లా తను ఆఫీసులో ఉంది. సాయంత్రం ఇంటికొచ్చి నా ఎదురుగా కూర్చుని అడిగింది. "ఏమీ కాలేదు కదా, అంతలా అరిచావెందుకు? యాక్సిడెంట్ అయినప్పుడు కూడా నాకంత భయం వెయ్యలేదు. నీ గొంతు విన్నాక వేసింది."

ఆ పూట ఏదో చెప్పి దాటేశాను. నిజమైన జవాబు చెప్పాలంటే సింధు పుట్టకముందుకు, వాళ్లమ్మతో నా పెళ్లి కాకముందుకు పోవాలి. సిత్రా దీవిలోని ఒక కూలీల క్యాంపు గదిలోకి పోవాలి.

నాకు పోలీసు కావాలని ఉండేది. కోరుట్ల పక్కన మా ఊళ్లో కాలువ కట్ట మీద పొద్దున్నే పరుగెత్తేవాణ్ని. కానిస్టేబుల్ సెలక్షన్లకు మూడుసార్లు పోయాను. మొదటిసారి పరుగు గెలిచి లాంగ్ జంప్‌లో తప్పాను. రెండోసారి ఛాతీ కొలతలో అరంగుళం తక్కువ వచ్చింది. టేపు పట్టినాయన "ఊపిరి పీల్చు, ఇంకా పీల్చు" అని రెండుసార్లు అవకాశమిచ్చి, చివరికి తనే బాధగా తల అడ్డంగా ఊపాడు. మూడోసారి అన్నీ దాటి రాత పరీక్షలో పోయింది. ఆ తర్వాత మా దిక్కు అందరిలాగే దుబాయికి వచ్చాను. మా దిక్కు గల్ఫులో ఏ దేశమైనా దుబాయే. బహ్రెయిన్ అనే మాట మా అమ్మకు చివరిదాకా నోరు తిరగలేదు.

ఇక్కడ నా మొదటి పని రోడ్ల అంచులు ఊడవడం. గాలికి కొట్టుకొచ్చిన ఇసుక, పగిలిన టైరు ముక్కలు, లారీల మీంచి జారిపడ్డ చెక్కలు ఎత్తి బండిలో వెయ్యాలి. ఆ రోడ్డు మీదే రోజూ ఒక పసుపుపచ్చ పికప్ కనబడేది. పైన తిరిగే లైటు, వెనక ఎర్ర కోన్లు. అది పోలీసు బండి కాదు. రోడ్ల పని పట్టిన మా కంపెనీదే. చెడిపోయిన బండ్ల చుట్టూ కోన్లు పెట్టడం, పోలీసులు వచ్చేదాకా వెనక వచ్చేవాళ్లను హెచ్చరించడం, రోడ్డు మీద పడ్డవి తీయడం దాని పని. అందులోని మనుషులు మెరిసే పట్టీలున్న జాకెట్లు వేసుకుని, జెండా ఊపితే ఎంత పెద్ద లారీ అయినా నెమ్మదించేది. ఖాకీ దొరకనివాడికి ఆ జాకెట్టే ఖాకీలా కనబడింది. క్యాంపులో దాన్ని, రోడ్డు గస్తీ అనే అర్థంలో, పెట్రోల్ డ్యూటీ అనేవాళ్లు. ఆ పని కోసం అడిగానని ఇంటికి ఉత్తరం రాస్తే, పెట్రోలు బంకులో పని కాబోలు, అగ్గిపుల్ల దగ్గరికి రానివ్వకని మా అమ్మ జవాబు రాయించింది.

ఆ పికప్ నడిపే గంగరాజమన్న మా గదిలోనే ఉండేవాడు. మెట్‌పల్లి దగ్గరి మనిషి, నాకన్నా పదిహేనేళ్లు పెద్ద. మొత్తం ఆరుగురం. రెండంతస్తుల మంచాలు, ఒక మూల గ్యాసుపొయ్యి, గాలి పడమటి నుంచి వీస్తే రిఫైనరీ నుంచి కుళ్లిన కోడిగుడ్డు వాసన, తూర్పు నుంచి వీస్తే సముద్రపు నాచు వాసన. అందరికన్నా ముందు లేచేది ఆయనే. చీకటుండగానే గడ్డం గీసుకుని, పాలు లేని సులేమాని చాయ్ ఒక గ్లాసు తాగి, రెండు లవంగాలు బుగ్గన పెట్టుకునేవాడు. డ్యూటీకి ముందు అంతకుమించి ఏమీ తినేవాడు కాదు. కడుపు నిండితే చెవులు మందగిస్తాయట. శుక్రవారం తన జాకెట్‌ను తనే చేత్తో ఉతికి, తిరగేసి, నీడలో ఆరేసేవాడు. ఎండకు పట్టీల మెరుపు పోతుందని ఆయన భయం. సాయంత్రం వంట వంతు ఆయనదైతే గదంతా పచ్చిపులుసు వాసనే. ఉల్లిగడ్డ, పచ్చిమిర్చి మంట మీద కాల్చి, చింతపండు చేత్తో పిసికి, నువ్వుల పొడి చల్లేవాడు. ఆ వాసనలోనే ఆరీ ఆరని బట్టల ముక్కిన వాసన, పక్క మంచం సాయన్న కొబ్బరినూనె వాసన కలిసి ఉండేవి. ఎక్కడైనా కాలిన మిర్చి వాసన తగిలితే నాకిప్పటికీ ఆ గది గోడ మీద వరుసగా వేలాడే జాకెట్లు కళ్ల ముందుకొస్తాయి.

గంగరాజమన్న చెప్పబట్టే నన్ను మూడు నెలల పరీక్ష మీద ఆ పనిలోకి తీసుకున్నారు. మా సూపర్‌వైజరు జాఫర్, సిత్రా పక్కనే నువైద్రాత్ గ్రామస్థుడు. నలభై ఏళ్లుంటాయి, మాతో హిందీ కలిపి మాట్లాడేవాడు, కోపం వచ్చినప్పుడు మాత్రం గొంతు తగ్గించేవాడు. మూడు నెలలు బాగా చేస్తే జాకెట్, లేకపోతే మళ్లీ చీపురు అని ముందే చెప్పాడు.

మొదటి రోజే పికప్ ఇంజను ఆపి గంగరాజమన్న నాకు చెప్పిన మాటలివి.

"మనం పోలీసోళ్లం కాదు తమ్మీ. మన చేతుల లాఠీ లేదు, చలాన్ బుక్కు లేదు. మన పని ఒక్కటే. ఎనకనుంచి వచ్చేటోనికి ముంగట ఏమున్నదో చెప్పుడు. ఎంత ముందుగాల చెప్తే అంత మంచిది."

"ఎంత ముందుగాల అన్నా?"

"రెండొందల అడుగులు. మంచు గిట్ల ఉంటే ఇంకింత దూరం. తక్కువ మాత్రం పోవద్దు. నిండు ట్యాంకరు బిరేకు ఏస్తే ఏడనో పోయి ఆగుతది. నువ్వు దగ్గర నిలబడి జెండా ఊపితే వాడు నిన్ను చూస్తడు, కాని ఆగలేడు."

ఆయన నేర్పిందంతా ఆ తీరుగానే ఉండేది. బండ్లొచ్చే దిక్కుకు ఎన్నడూ వీపు పెట్టొద్దు. దెబ్బ తగిలినవాడు ఏడుస్తున్నా సరే, ముందు కోన్లు, తర్వాతే మనిషి. ఆగిన బండిలో ఎవరినీ కూర్చోనివ్వొద్దు. నేను ఉత్సాహంగా నేర్చుకున్నాను. రెండు నెలల్లో అంతా వచ్చేసిందనుకున్నాను.

ఇలాంటి జనవరిలోనే, మూడో నెల చివరలో, ఒక ఉదయం పొగమంచు పడింది. మేం ఐదింటికే రోడ్డెక్కాం. తెల్లవారుతున్నకొద్దీ చీకటి పోయి దాని స్థానంలో తెల్లటి గోడ వచ్చి నిలబడింది. మా పికప్ ముందు భాగం కూడా సరిగా కనబడటం లేదు. గంగరాజమన్న కిటికీ అద్దాలు రెండూ దించి, తల బయట పెట్టి వింటూ నడుపుతున్నాడు. వైర్‌లెస్ సెట్‌లో జాఫర్ గొంతు వినిపించింది. సిత్రా నుంచి అవాలి వైపు పోయే రోడ్డు మీద కూలీల బస్సు ఆగిపోయిందట, నడి లైనులో.

బస్సు కనబడేసరికి మేం దానికి పది గజాల దూరంలో ఉన్నాం. లైట్లు లేవు, ఇంజను మొత్తం చచ్చిపోయింది. డ్రైవరు కిందికి దిగి చేతులు నలుపుకుంటున్నాడు. లోపల నలభై మంది, సగం మంది నిద్రలో, ముసుగులు తన్ని. గంగరాజమన్న పికప్‌ను వెనక్కి తీసి, బస్సుకు వెనక అడ్డంగా నిలిపి, పైన లైటు వేశాడు. ఏ బండైనా వచ్చి గుద్దితే ఆ దెబ్బ ముందు పికప్‌కు తగలాలని. కోన్లు నా చేతుల్లో పెట్టాడు.

"ఉరుకు. అంచు పట్టుకొని ఉరుకు. రెండొందలు లెక్కబెట్టు. ఈళ్లను నేను దించుత."

నేను మంచులోకి నడిచాను. ఇరవై అడుగులకు ఒక కోన్ పెడుతూ పోవాలి. మొదటి కోన్ పెట్టి వెనక్కి చూస్తే పికప్ లైటు మసగ్గా తిరుగుతోంది. రెండోది పెట్టేసరికి అదీ లేదు. ఏ పక్క చూసినా తెలుపే. నా అడుగుల చప్పుడు కూడా ఎవరో పక్కన నడుస్తున్నట్టు వినబడుతోంది. అరవై దాకా బాగానే పోయాను. అప్పుడొక కారు, చప్పుడు వినబడేలోపే, నా మోచేతిని తాకేంత దగ్గరగా దూసుకుపోయింది. దాని గాలికి, పరీక్ష నెలలకు అరువిచ్చిన పాత జాకెట్ లేచి ముఖం మీద పడింది. వెనకాల బ్రేకు కీచుమంది, అది బస్సు పక్కనుంచి తప్పించుకుని పోయినట్టుంది, గుద్దిన చప్పుడు రాలేదు. ఇంకో కోన్ పెట్టాను. ఎనభై. అంతే. కాళ్లు ఇక కదల్లేదు. పొమ్మంటున్నాను, పోవటం లేదు. ఇక్కడే నిలబడి గట్టిగా ఊపితే సరిపోతుందని నాకు నేనే చెప్పుకున్నాను. మిగిలిన కోన్లు అక్కడే గుంపుగా పెట్టి, జెండా ఒక చేత్తో, టార్చి ఒక చేత్తో ఊపుతూ అరుస్తూ నిలబడ్డాను.

రెండు కార్లు నన్ను చూసి నెమ్మదించి, పక్క లైను పట్టుకుని పోయాయి. ధైర్యం వచ్చింది. వెనక నుంచి మనుషులు దిగుతున్న చప్పుడు, "యల్లా, యల్లా, జల్దీ భాయ్, ఉస్ తరఫ్!" అని గంగరాజమన్న కేకలు. అప్పుడు రోడ్డు సన్నగా అదరడం అరికాళ్లకు తెలిసింది. చప్పుడు తర్వాత వచ్చింది. బరువైన బండి. నేను జెండా ఊపుతూ నా గొంతులో ఉన్న శక్తంతా పెట్టి అరిచాను. రెండు లైట్లు, వాటి వెనక ఇల్లంత ఆకారం. తాగేనీళ్ల ట్యాంకరు. డ్రైవరు నన్ను చూశాడు, బ్రేకు వేశాడు. ఆ ముక్క నేను ఏ దేవుడి ముందైనా చెప్పగలను. చక్రాలు బిగుసుకుపోయినా తడి రోడ్డు మీద ఆ బరువు ఆగలేదు. నేను అంచులోకి దూకాను. కోన్లన్నీ చక్రాల కింద, గాల్లో. కొన్ని క్షణాలకు వెనక ఒక చప్పుడు, వెంటనే ఇంకో చప్పుడు.

ట్యాంకరు పికప్‌ను తోసుకుంటూ పోయి బస్సు వెనక భాగంలోకి ఎక్కించింది. నేను పరుగెత్తుకుంటూ వెళ్లేసరికి రెయిలింగు అవతల ఇసుకలో మనుషులు గుంపుగా నిలబడి ఉన్నారు, ఎవరికీ ఏమీ కాలేదు. గంగరాజమన్న లేడు. అందర్నీ దించాక ఆయన లెక్క చూసుకున్నాడట, ఒకడు తక్కువ వచ్చాడట. మళ్లీ లోపలికి పోయాడు. చివరి సీట్లో ఒకతను జ్వరంతో దుప్పటి కప్పుకుని స్పృహ లేనట్టు పడి ఉన్నాడు. అతన్ని లేపి, ఈడ్చుకొచ్చి, కుడిపక్కనున్న వెనక తలుపులోంచి బయటికి తోస్తున్న క్షణంలోనే దెబ్బ తగిలింది. ఆ మనిషి కింద పడ్డాడు, తోటివాళ్లు ఇసుకలోకి లాగారు, బతికాడు. గంగరాజమన్న మోకాలు రెండు సీట్ల మధ్య ఇరుక్కుపోయింది. ఇనుము కోసి ఆయన్ను బయటికి తీసేదాకా చెయ్యి పట్టుకుని కూర్చున్నాను. ఆయన బుగ్గన లవంగాలు అలాగే ఉన్నాయి.

మధ్యాహ్నం ట్రాఫిక్ ఆఫీసులో జాఫర్‌ను పక్కన పెట్టుకుని ఆఫీసరు నన్ను అడిగాడు. మొదటి హెచ్చరిక ఎంత దూరంలో ఉంది? కోన్లు ఒక్కటీ పెట్టిన చోట లేవు. అవి ఎక్కడ పెట్టానో నాకు తప్ప ఎవరికీ తెలియదు. నేను ఆలోచించను కూడా లేదు. నోరు దానంతటదే అన్నట్టు, "రెండు వందల అడుగులు," అన్నాను. ఆఫీసరు రాసుకున్నాడు. జాఫర్ నా భుజం మీద చెయ్యేసి "శాబాష్" అన్నాడు. మూడు రోజుల తర్వాత కొత్త జాకెట్ తెచ్చి ఇచ్చాడు, పరీక్ష నెలలు ముగిసినట్టే అన్నాడు. గదిలో సాయన్న సేమ్యా పాయసం వండాడు.

ఆస్పత్రిలో గంగరాజమన్నను చూడటానికి వారం తర్వాతే వీలయ్యింది. కాలు ఉంచారు గాని మోకాలు ఇక వంగదని చెప్పారట. నేను జాకెట్ వేసుకునే పోయాను, ఆయన సంతోషిస్తాడని. ఆయన జాకెట్ వైపు చూశాడు, నా ముఖం వైపు చూశాడు.

"ఎన్ని అడుగులు పోయినవ్ మల్లేశా?"

"రెండొందలు అన్నా."

కళ్లు మూసుకున్నాడు. నిద్రపోయాడేమో అనుకున్నాను.

"నీ కేక ఇనబడ్డది నాకు," అన్నాడు కళ్లు తెరవకుండానే. "రెండొందల అడుగుల కాడ ఒర్రితే బస్సుల ఉన్నోనికి గంత మంచిగ ఇనబడదు."

నేను జాకెట్ విప్పి ఒళ్లో పెట్టుకున్నాను.

"ఎన్ని?"

"ఎనభై."

ఆయన తిడతాడనుకున్నాను. తిడితే బాగుండేది. నీళ్లు అడిగి, రెండు గుక్కలు తాగి, గ్లాసు నా చేతికిచ్చాడు.

"నా కాలు ముచ్చట ఇడిసిపెట్టు. అది అయిపోయింది. గా ట్యాంకరు నడిపిన పఠాను ఏడున్నడో ఎరుకేనా నీకు? లోపలున్నడు. రెండొందల అడుగుల కాడ జెండా ఊపినా చూడకుంట వచ్చిండని లోపలేసిండ్రు. నీ నోట్లెకెల్లి వచ్చిన మాట వాని మెడల పడ్డది."

"నేను నిజం చెప్తే నన్ను పంపిస్తరు అన్నా. లేకపోతే నన్ను లోపలేస్తరు."

"ఎయ్యచ్చు," అన్నాడు. "నేను చెప్పను. నువ్వు చెప్తెనే చెప్పినట్టు. ఇగ పో, నాకు కాలు గుంజుతాంది."

తర్వాతి రెండు రోజులు ఎలా గడిచాయో చెప్పడం నాకు కష్టం. డ్యూటీకి పోయాను, వచ్చాను. జాకెట్ మేకుకు తగిలించి దానికి వీపు పెట్టి పడుకున్నాను. సాయన్నకు చెప్పాను. మంచి మనిషి, నా మేలు కోరే చెప్పాడు. "ఖలాస్ అయిన ముచ్చట ఎందుకు తవ్వుతవ్ రా? పఠానోళ్లకు వాళ్ల మనుషులున్నరు, ఇడిపించుకుంటరు. నీకెవలున్నరు ఇక్కడ?" ఆ మాట పట్టుకుని ఒక పూట హాయిగా ఉండగలిగాను. మర్నాడు తాగేనీళ్ల ట్యాంకరు ఒకటి క్యాంపుకు వచ్చింది. దాని డ్రైవరూ పఠానే. పైపు తగిలిస్తూ తోటివాడితో ఏదో అంటున్నాడు, మధ్యలో షేర్ జమాన్ అనే పేరు వినబడింది. అడిగితే చెప్పాడు. లోపల ఉన్నవాడు అతనే, తొమ్మిది రోజులైంది, ఊళ్లో తల్లికి ఇంకా చెప్పలేదు. అంతవరకూ ఆ మనిషికి పేరుందని కూడా నాకు తట్టలేదు.

ఆ రోజు శుక్రవారం. జాకెట్ మడిచి చంకలో పెట్టుకుని నువైద్రాత్‌కు నడిచాను. జాఫర్ ఇల్లు కనుక్కోవడం కష్టం కాలేదు. ప్రార్థన నుంచి అప్పుడే వచ్చినట్టున్నాడు, తెల్లటి పొడుగు అంగీలో ఉన్నాడు. లోపల కూర్చోబెట్టి, చిన్న గిన్నెలో యాలకుల వాసన వేసే కాఫీ పోశాడు. నేను గిన్నె ముట్టుకోకుండా, నిలబడే చెప్పాను. ఎనభై అడుగులని, భయపడ్డానని, అబద్ధం చెప్పానని. విన్నాక లేచి బండి తాళాలు చేతిలోకి తీసుకున్నాడు. తర్వాత గొంతు బాగా తగ్గించి, "కాఫీ తాగు, పోదాం," అన్నాడు.

ట్రాఫిక్ ఆఫీసులో బల్ల మీద ఐదు గంటలు కూర్చున్నాను. లోపల జాఫర్, ఆఫీసరు మాట్లాడుకుంటున్నారు. అరబీ నాకు రాదు, గొంతులు పెరిగినప్పుడల్లా నన్ను తీసుకుపోతారనుకునేవాణ్ని. ఇంటికి ఉత్తరం ఎవరు రాస్తారు, ఏమని రాస్తారు అని ఆలోచించాను. చివరికి పిలిచి మళ్లీ మొదటి నుంచి చెప్పమన్నారు, రాసుకున్నారు, సంతకం పెట్టించారు. ఆఫీసరు ఫైలు మూసి, ఇప్పుడెందుకు వచ్చావని హిందీలో అడిగాడు. "మొన్ననే రావాల్సింది సాబ్," అన్నాను. ఇంక పొమ్మన్నాడు. బయట జాఫర్ చెయ్యి చాచాడు. జాకెట్ ఇచ్చేశాను. మర్నాటి నుంచి మళ్లీ చీపురు.

షేర్ జమాన్‌ను రెండు రోజుల తర్వాత వదిలేశారు. క్షమించమని అడగడానికి, ట్యాంకర్లు నీళ్లు నింపుకునే చోటికి పోయాను. ఆరడుగుల మనిషి, గడ్డం చెదిరి ఉంది. నేనెవరో చెప్పగానే చేతిలోని పైపు కింద పెట్టాడు. కొడతాడనుకున్నాను. "పదకొండు రోజులు," అన్నాడు. "రోజూ అనుకున్నాను, నేనే సరిగా చూడలేదేమో, నా కళ్లే పోయాయేమో అని. నువ్వు నా కళ్ల మీద నాకే నమ్మకం లేకుండా చేశావు." క్షమించాననలేదు. కొట్టనూ లేదు. పైపు తీసుకుని పనిలో పడ్డాడు. ఆ తర్వాత అతను రోడ్డు మీద ఎదురుపడితే హారన్ కొట్టేవాడు కాదు, చెయ్యి ఊపేవాడు కాదు. అతను ఆ మాత్రం కోపం ఉంచుకోవడం న్యాయమే అనిపించేది.

గంగరాజమన్నను వీల్‌చైరులో విమానం ఎక్కించారు. నేను ఎడారి ఎండల్లో ఇసుక ఊడుస్తూ ఆ ఎండాకాలం, ఆ తర్వాతి చలికాలం గడిపాను. పసుపు పికప్ నా పక్కనుంచి పోతుంటే తల దించుకునేవాణ్ని. రెండో ఎండాకాలం మొదట్లో జాఫర్ బండి ఆపి, దిగి, జాకెట్ నా చీపురు కర్రకు తగిలించాడు. నేను నమ్మలేక, ఎందుకని అడిగాను. "మిగతావాళ్లు రెండు వందలంటే నేను పోయి కొలుచుకోవాలి," అన్నాడు. "నువ్వు ఎంతంటే అంత అని రాసుకోవచ్చు." అలా అయ్యాను నేను పెట్రోల్ మనిషిని. ఆ తర్వాత ఎన్నో మంచు ఉదయాలు ఆ రోడ్డు మీద నడిచాను. భయం పోయిందని అబద్ధం చెప్పను.

ఇప్పుడు నేను రోడ్డెక్కడం తక్కువ. కొత్తగా వచ్చేవాళ్లకు శిక్షణ ఇస్తాను. వాళ్లకు దూరం కొలిచే పరికరాలున్నాయి, బండ్ల వెనక పెద్ద బాణం గుర్తు వెలిగే బోర్డులున్నాయి, రోడ్డు పొడుగునా కెమెరాలున్నాయి. ఎవడెన్ని అడుగులు పోయాడో గదిలో కూర్చున్నవాడు చూస్తాడు. అబద్ధం చెప్పే వీలే లేదు. అది మంచికే అంటాను. మా కాలమే గొప్పదని నేననలేను. మా కాలంలో ఒక మనిషి నోటిమాట మీద ఇంకో మనిషి పదకొండు రోజులు లోపల ఉన్నాడు. అయినా కొత్త కుర్రాళ్లు ఫోన్లు చూసుకుంటూ తింటుంటే, ఆరుగురం ఒకే పళ్లెం చుట్టూ కూర్చుని రేపటి గాలి ఎటు వీస్తుందో మాట్లాడుకున్న ఆ ఇరుకు గది మీదికి మనసు పోతుంది.

గంగరాజమన్న నిరుడు చనిపోయాడు. ఈ మార్చిలో సంవత్సరీకానికి మెట్‌పల్లి పోయాను. సెలవుల్లో పోయినప్పుడల్లా ఆయన్ను చూసేవాణ్ని; చాపిన కాలు ముక్కాలిపీట మీద పెట్టుకుని నా పిల్లల గురించి అడిగేవాడు, నేను నేల చూస్తూ జవాబులు చెప్పేవాణ్ని. ఆయన కూతురు స్వరూప ఇప్పుడు హైవే పెట్రోలింగ్‌లో ఎస్సై. మూడుసార్లు సెలక్షన్లకు పోయి నేను తెచ్చుకోలేని ఖాకీ ఆ పిల్ల ఒంటి మీద ఉంది. భోజనాలయ్యాక డ్యూటీకి బయలుదేరుతూ నా పక్కన కుర్చీ లాక్కుని కూర్చుంది.

"బాపు నీ గురించి మస్తు చెప్పేటోడు చిన్నాయినా. నౌకరి పోతదని ఎరుకుండి కూడ పోయి నిజం చెప్పి ఒక మనిషిని ఇడిపించిండు అని."

ముందు సగం ఆయన చెప్పలేదని అప్పుడే తెలిసింది. నేను చెప్పాను. ఎనభై దగ్గర ఆగిపోవడం, అబద్ధం, అన్నీ. ఆమె పోలీసులాగే వింది. మధ్యలో రెండే ప్రశ్నలు అడిగింది: ట్యాంకరు నిండుగా ఉందా, రోడ్డు తడిగా ఉందా. రెండిటికీ ఉందన్నాను. ఇంకో నూట ఇరవై అడుగులు పోయుంటే మీ బాపు కాలు మిగిలేదేమో బిడ్డా, అన్నాను. ఆమె ఔననలేదు, కాదనలేదు. టోపీ చేతుల్లో ఒకసారి తిప్పింది.

"ఆ జ్వరమొచ్చిన మనిషి, బాపు బయటికి నూకినాయన... ఇప్పుడు ఎట్లున్నడు?"

"తెల్వది బిడ్డా."

"పేరేంది?"

"తెల్వది."

"మనోడేనా? ఏ దిక్కోడు?"

నాకు తెలియదు. ఆ రోజు ఇసుకలో నలభై మంది మధ్యన అతను పడి ఉంటే పక్కనుంచి పరుగెత్తుకుపోయినవాణ్ని, ముఖం కూడా చూడలేదు. ఆ తర్వాత ఒక్కసారైనా ఎవర్నీ అడగలేదు.

"బాపు ప్రతిసారి అనుకునేటోడు," అంది స్వరూప, తప్పు పడుతున్నట్టు కాదు, మామూలుగానే. "మల్లేశం వస్తే అడగాలె, ఆయన మంచిగున్నడా, పెండ్లి గిట్ల చేసుకున్నడా అని. నువ్వొచ్చి తల కిందికేసుకొని కూసుంటే, అడిగితే ఇంకింత బాధ పడతడని ఊకునేటోడు."

లేచి టోపీ పెట్టుకుంది. బయట జీపు స్టార్టయ్యింది.

బహ్రెయిన్ తిరిగొచ్చాక వెతకడం మొదలుపెట్టాను. ఆ బస్సు నడిపిన కంపెనీ ఎప్పుడో మూతపడింది. జాఫర్ ముసలివాడయ్యాడు, ఆ నలభై మందిలో ఎక్కువమంది బీహారువాళ్లని మాత్రం గుర్తుందన్నాడు. ఆ బస్సులో రోజూ పోయేవాడని ఎవరో చెబితే మొన్న శుక్రవారం సిత్రాలో ఒక దర్జీని కలిశాను. ఆయన కుట్టుమిషను ఆపి, బాగా ఆలోచించి, రామ్ అనో రామానంద్ అనో ఉండేవాడు, తరచూ జ్వరం పడేవాడు, అతనేనేమో అన్నాడు. ఏ ఊరో తెలియదట. తెలిసినవాడు ఒకడు అవాలిలో తోట పనిలో ఉన్నాడట. ఆ రాత్రి ఇంటికొచ్చి, జనవరిలో సింధు అడిగినదానికి అసలు జవాబు మొదటి నుంచీ చెప్పాను. వచ్చే శుక్రవారం అవాలికి కారు నేను నడుపుతానంది.